టమాటా తీసేసిన లెక్క

మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో రేటు అంటే ఒకటే రేటు, పొద్దున మార్కెట్లో టమాటా ఎంత పలికిందన్నది. బెంగళూరులో బ్యాంకు కొలువు చేసేవాడికి రేటు అంటే ఆర్‌బీఐ వాళ్లు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు. ఈ ఇద్దరినీ ఒకే వసారాలో కూర్చోబెట్టి ‘రేటు తగ్గింది’ అనండి. ఒకరి మొహం విచ్చుకుంటుంది, ఇంకొకరిది వాడిపోతుంది. 2025 డిసెంబరు 7, ఆదివారం పొద్దున సదుం మండలంలోని ఒక ఇంట్లో నా కళ్లముందు జరిగింది అదే. మామది ఎకరన్నర టమాటా, రెండు పాడి ఆవులు. అల్లుడంటే అక్క కొడుకు. నేను పాలకోసం పోయి, చెంబు పట్టుకుని మధ్యలో ఇరుక్కున్నవాణ్ణి. వసారా నిండా ముందురోజు కోసిన కాయ పోసి ఉంది. మామ మాట్లాడుతూనే ఏరుతున్నాడు.

అల్లుడు: శుక్రవారం రేటు తగ్గించినారు మామా. పావు శాతం.

మామ: పొద్దున్నే ఆ మాట ఏందిరా! ఇంకో గంటలో బండి వస్తాది, కాయ ఎత్తాల.

అల్లుడు: నీ రేటు కాదు, వడ్డీ రేటు. రెపో 5.25కి వచ్చింది. ఈ ఏడాది మొదట్లో 6.5 ఉండేది. నా ఇంటి అప్పు నలభై లక్షలు, ఇరవై ఏళ్లు. వడ్డీ 8.75 నుంచి 7.5కి దిగితే నెల కంతు మూడు వేల పైన తగ్గుతుంది.

మామ: మా ఊళ్లో రెండు రూపాయలే. కరోనా అప్పుడు రెండు రూపాయలు, కాయ రెండొందలు పలికినప్పుడు రెండు రూపాయలు, ఈ పొద్దూ రెండు రూపాయలే. నీ ఆర్‌బీఐ వడ్డీ ఎన్ని పైసలు పడతాది?

అల్లుడు పెదాలు కదుపుతూ లెక్కేసుకున్నాడు. నూటికి నెలకు ఎంత అని అడిగితే బ్యాంకు మనిషికి కాసేపు పడుతుంది.

అల్లుడు: నలభై నాలుగు పైసలు. ముందు యాభై నాలుగు.

మామ: అంటే బొంబాయిలో ఆరుగురు పెద్దోళ్లు కూర్చుని ఏడాది పొడుగునా యోచన చేసి పది పైసలు తగ్గించినారు. పంట అప్పు చూస్తే ఏడు శాతం, చెప్పిన గడువుకు కడితే నాలుగు. అదీ కదల్లేదు. మాకు పైన ఉండేదీ కదలదు, కింద ఉండేదీ కదలదు.

అల్లుడు: ఆ పది పైసలు ఏడాది ముందే రావాల్సింది మామా. అడ్డం పడింది ఎవరో తెలుసా? ఇదిగో, నీ చేతిలో ఉండేదే.

మామ: టమాటానా?

అల్లుడు: 2023 జూలై గుర్తుందా?

మామ: మరిస్తే కదా. మదనపల్లెలో మొదటి రకం కిలో రెండొందల దాకా పోయింది. తోట చుట్టూ కాపలా పడుకున్నోళ్లు ఉండారు. నాకేమో వైరస్ కొట్టి, తోట పీకేసి, మళ్లా నాటినాను. ఆగస్టు ఆఖర్న నా కాయ దిగింది. రేటు దిగిందీ అప్పుడే.

అల్లుడు: ఆ జూలైలో దేశమంతా కలిపి టమాటా ధర ముందు ఏడాదికి మూడింతలు. వినియోగదారుల ధరల సూచీని వంద రూపాయలనుకుంటే అందులో టమాటా వాటా 57 పైసలు. అంత చిన్నది మూడింతలయ్యేసరికి సూచీ మొత్తం ఒక శాతం పైన లేచింది. మిగతా కూరగాయలూ తోడైనాయి. జూన్‌లో 5 లోపల ఉన్న ద్రవ్యోల్బణం జూలైలో 7.44. అదే నెల తిండి తీసేసి, వంటింటి ఇంధనమూ కరెంటూ తీసేసి చూస్తే 5కు లోపలే. దాన్ని కోర్ ద్రవ్యోల్బణం అంటారు. అది అప్పటికే దిగుతా ఉండింది. 2024 మధ్యకు 3 దగ్గరికి వచ్చింది. ఆర్‌బీఐ గురి 4. గురికి కింద ఉన్నా వడ్డీ తగ్గించినారా? లేదు. తిండి ధరలు మండుతున్నాయని 2025 ఫిబ్రవరి దాకా 6.5 దగ్గరే కూర్చున్నారు. కంతు కట్టింది నేను.

మామ: తినేది తీసేసి, వండేది తీసేసి ఇంక చూసేది ఏందిరా?

అల్లుడు: నువ్వు ఇప్పుడు చేస్తున్నదే. ఆ పగిలిన కాయ ఎందుకు పక్కన పడేసినావు?

మామ: క్రేటులో ఉంటే మొత్తం క్రేటు రేటు చెడతాది.

అల్లుడు: అంతే. వానకో, వైరస్‌కో ఒక నెల ఎగిరి ఇంకో నెల పడే ధర లెక్కలో ఉంటే మిగతా ధరల నడక కనబడదు. 1970ల్లో చమురూ తిండీ ఒకేసారి ఎగిసినప్పుడు అమెరికా వాళ్లు మొదలుపెట్టినారు ఈ ఏరుడు.

మామ: నేను పక్కన పడేసినాను గానీ, ఆ కాయ లేదనలేదే. దానికీ నీళ్లు పెట్టినాను, మందు కొట్టినాను, కోత కూలి ఇచ్చినాను. మార్కెట్‌కు పోయే క్రేటులో ఉండదు గానీ ఇంటి లెక్కలో ఉంటాది.

ఇక్కడ అల్లుడు కాస్త తగ్గి ఉంటే సంవాదం అక్కడే ముగిసేది. తగ్గలేదు. చదువుకున్నవాళ్లతో వచ్చే చిక్కు ఇదే, వాళ్ల దగ్గర ఇంకో మాట ఎప్పుడూ ఉంటుంది. ఈసారి ఆ మాట గట్టిదే.

అల్లుడు: వడ్డీ పెంచితే చెట్టు కాస్తుందా మామా? నాటిన రెండు, రెండున్నర నెలలకు నీ కాయ కోతకు వస్తుంది. వడ్డీ పెంచితే ఆ దెబ్బ ధరల మీద పడేదానికి మూడు నాలుగు త్రైమాసికాలు పడుతుంది. ఆ లోపల మూడు తోటలు పెట్టి పీకేస్తావు. జూలైలో 7.44 ఉన్నది సెప్టెంబరుకు 5.02కు దిగింది. ఆర్‌బీఐ వేలు కదపలేదు. దించింది నువ్వే.

మామ: నేను దించలేదు నాయనా. నన్ను దించేసినారు. సరే, పల్లెటూరి మనిషి ఖర్చులో తిండి ఎంతని రాసుకున్నారు?

అల్లుడు: పల్లె సూచీలో తిండీ పానీయాలూ కలిపి 54 శాతం పైన. పట్నంలో 36. రెండూ కలిపిన సూచీలో 45.86. దానికి తోడు ఇంధనమూ కరెంటూ 6.84.

మామ: అంటే సగం పైన తీసేసి, మిగిలిన సగాన్ని కోరు అంటారా? మా అవ్వ ఉంటే, అన్నం తీసేసి ఆకు చూపించినట్టుంది అనేది. అమెరికావోళ్లకు తిండి ఎంత?

అల్లుడు: ఇప్పుడు వాళ్ల సూచీలో ఏడో వంతు కూడా లేదు.

మామ: వాళ్లు ఏడో వంతు తీసేసినారని మనం సగం తీసేసేదా?

అల్లుడు ఊరికే పోలేదు. ఆ వాటాలు 2011-12లో ఇంటింటి ఖర్చు అడిగి రాసుకున్నవనీ, అప్పటినుంచి పల్లెలో కూడా తిండి ఖర్చు తగ్గిందనీ చెప్పాడు. 2023-24 సర్వేలో పల్లె కుటుంబం ఖర్చులో తిండి 47 శాతమే. 2026 ఫిబ్రవరిలో 2024ను ఆధారంగా పెట్టుకుని కొత్త సూచీ వస్తుందని కూడా చెప్పాడు. పాత సూచీలో టేప్ రికార్డరు కూడా ఉందని విని మామ నవ్వాడు. ఆ వస్తువు ఆ ఇంట్లోనే అటక మీద ఉంది, దానిపైన కోడి పొదుగుతోంది.

ఇంకో సంగతి నాకు వింతగా తోచింది. పాత సూచీలో ఇంటి అద్దె పట్నానికే ఉంది, పల్లెకు లేదు. తిండీ ఇంధనమూ తీసేసిన కోర్‌లో మామ మోటారు సైకిల్‌కు పోసే పెట్రోలు మాత్రం ఉంది. అది ఇంధనం పద్దులో కాక రవాణా పద్దులో రాసి ఉండటమే కారణం. అందుకే ఆర్‌బీఐ వాళ్లు పెట్రోలు, డీజిలు కూడా తీసేసి ఇంకో కోర్ వేసుకుంటారు. ఏరడం మొదలైతే ఒక గంపతో అయిపోదు.

మామ: సరేరా, మిగిలిన సగంలో ఏముంది?

అల్లుడు: బట్టలు, బడి ఫీజు, వైద్యం, బండి కిరాయి, ఫోను, క్షవరం. ఇవి టమాటా మాదిరి ఎగిరిపడవు. పెరిగితే పెరిగినట్టే. కాబట్టి రేపు ధరలు ఎటు పోతాయో చెప్పేది ఇవి. చేతిలో డబ్బు ఎక్కువై కొనేవాళ్లు ఎగబడుతున్నారా లేదా అన్నది వీటిలోనే తెలుస్తుంది. వడ్డీ ఆపగలిగేది దాన్నే.

క్షవరం అనగానే నాకు దువ్వూరి సుబ్బారావు గారు గుర్తొచ్చారు. మన తెలుగాయన, ఆర్‌బీఐ గవర్నరుగా ఉన్నప్పుడు ఒక సభలో తన తల మీదే లెక్క చెప్పారు. జుట్టు ఒత్తుగా ఉన్న రోజుల్లో క్షవరానికి 25 రూపాయలిచ్చేవారు, పలచబడ్డాక 50, దాదాపు ఏమీ మిగలని కాలానికి 150. ఇందులో ద్రవ్యోల్బణం ఎంత, లేని జుట్టు కత్తిరించినందుకు మంగలికి ఇచ్చే అదనం ఎంత అన్నది తేలడం లేదని ఆయన వాపోయారు. నేను ఈ కథ చెబితే మామ నవ్వలేదు. ఆయనకు అందులో వేరేది కనబడింది.

మామ: ఆ మంగలి ఎందుకు పెంచినాడు? ఆయప్ప తినే బియ్యం పెరిగినాది గనుక. నువ్వు తిండిని ఈ గంపలో వేసి, క్షవరాన్ని ఆ గంపలో వేసి, రెండూ వేరంటావు. నా తోటలోకి రా. 2023లో కాయ కోసే ఆడోళ్లకు రోజుకు మూడొందలు ఇస్తా ఉంటిని. టమాటా మండింది, పప్పు మండింది, బియ్యం పెరిగింది. మూడొందల యాభై లేకుంటే రామన్నారు. ఇచ్చినాను. సెప్టెంబరులో కాయ పడిపోయింది. కూలి పడిందా? ఇప్పుడు నాలుగొందలు. టమాటా ఎగిరి పోయింది గానీ, అది వేసిన మెట్టు పోలేదు.

ఈ మాటకు అల్లుడు ఏరుతున్న కాయ చేతిలోనే ఉంచుకుని ఆగాడు. తనకు తెలిసిన లెక్కే ఆయన నోట వస్తోంది. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2023-24లో 272, మరుసటి ఏడు 300, 2025-26లో 307. ఆ కూలిని ఏటా సవరిస్తూ వచ్చింది వ్యవసాయ కూలీల ధరల సూచీని బట్టి. ఆ సూచీలో పెద్ద భాగం తిండే. అంటే తిండి ధర కూలిలోకి ఎక్కే దారిని సర్కారే వేసి పెట్టింది.

అల్లుడు: ఒప్పుకుంటాను. 2014 జనవరిలో ఆర్‌బీఐ వేసిన ఉర్జిత్ పటేల్ కమిటీ కూడా ఇదే అనింది. మన జనం ఖర్చులో తిండీ ఇంధనమే ఎక్కువ, ధరలు పెరుగుతాయని జనం భయపడేదీ వాటిని చూసే, కాబట్టి కోర్‌ను కాదు, మొత్తం సూచీనే గురిగా పెట్టుకోండి అన్నారు. 2016లో చట్టం చేసినారు. 4 శాతం గురి, అటు రెండు, ఇటు రెండు. వరసగా మూడు త్రైమాసికాలు దాటితే ఆర్‌బీఐ సర్కారుకు సంజాయిషీ రాసుకోవాల. 2022లో ఒకసారి రాసింది కూడా. అప్పటి గవర్నరు శక్తికాంత దాస్ కూడా 2024లో వడ్డీ తగ్గించమని అడిగిన వాళ్లకు చెప్పింది నీ మాటే. తిండి ధర ఒక నెల పెరిగితే పోనీలే అనుకోవచ్చు, నెలల తరబడి పెరిగితే మిగతా వాటికి అంటుకుంటుంది అని.

మామ: మరి ఇంక గొడవేంది?

అల్లుడు: గొడవ నీకే. నువ్వు లెక్కలో ఉన్నందువల్ల నీకు జరిగిందేందో చూడు. 2023 ఆగస్టు 10 పొద్దున దాస్ వడ్డీ ప్రకటన చదివినాడు. అందులో టమాటా పేరెత్తినాడు. అదే రోజు పార్లమెంటులో ఆర్థికమంత్రి, నేపాల్ నుంచి టమాటా దిగుమతి మొదలైందని చెప్పింది. అంతకుముందే జూలైలో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రల్లో సర్కారు సంస్థలు కాయ కొని ఢిల్లీలో కిలో 90కి అమ్మినాయి, తర్వాత 80, 70, 50. మొత్తం సూచీ గురి అయినప్పుడు, వడ్డీ దిగాలంటే నీ రేటు దిగాల. ఆర్‌బీఐ చేయలేని పని సర్కారు చేస్తుంది. కోర్ గురి అయితే నీ కాయ జోలికి ఎవరూ రారు. 2024 జూలైలో ఆర్థిక సర్వేలో సర్కారు ముఖ్య ఆర్థిక సలహాదారు అనంత నాగేశ్వరన్ రాసింది ఇంచుమించు ఇదే. తిండిని గురిలోంచి తీసేసే యోచన చేయండి, పేదలకు ధర భారమైతే నేరుగా డబ్బో కూపన్లో ఇవ్వండి అన్నాడు.

మామ వెంటనే జవాబు చెప్పలేదు. రెండు మంచి కాయలు క్రేటులోకి, ఒక మచ్చకాయ పక్కకు. నేనైతే అల్లుడు గెలిచాడనే అనుకున్నాను.

మామ: నేపాల్ కాయ వచ్చేటప్పటికి నా తోట ఇంకా పచ్చికాయ మీద ఉండె. ఆ కోపం నాకు ఉండాది. కానీ ఒకటి చెప్పు. ఢిల్లీలో ఓటేసే ఆడమనిషి సూచీ చూసి తిట్టిందా, కూర చూసి తిట్టిందా? నువ్వు లెక్కలోంచి టమాటా తీసేస్తే ఆమె కూరలోంచి టమాటా పోతాదా? ఆమె అరిచిందంటే నేపాల్ కాయ రావాల్సిందే, నీ లెక్క ఏదైనా. లెక్కలో ఉంటే కనీసం మేము కూడా ఉన్నామని ఆ ఆరుగురికి తెలుస్తాది.

అంతలో అత్త నాకు పాలు పొయ్యడానికి వచ్చింది. అసలు మలుపు ఇక్కడ తిరిగింది, దానికి కారణం ఆమె చేతులకు గాజులు లేకపోవడం. గాజులు బ్యాంకులో ఉన్నాయి, పంట ఖర్చుకు పెట్టారు.

అత్త: నాయనా, వడ్డీ తగ్గిందంటే బంగారం అప్పుకు కూడా తగ్గతాదా?

అల్లుడు: దాని వడ్డీ బ్యాంకును బట్టి అత్తా. అయినా బంగారం ధర పెరిగింది కదా, అవే గాజులకు ఇప్పుడు ఎక్కువ అప్పిస్తారు.

అత్త: ఇస్తా ఉండారు. పోయినేటికంటే చాలా ఎక్కువ ఇచ్చినారు.

మామ: ఒరే, బంగారం నీ లెక్కలో యాడ ఉంటాది? తినేది కాదు, వండేది కాదు.

అల్లుడు కాస్త నసిగాడు.

అల్లుడు: కోర్‌లో. వాటా ఒక శాతం పైచిలుకు.

మామ: ఈ ఏడు బంగారం ఎంత పెరిగింది?

అల్లుడు: సగానికి పైనే. తులం లక్షా ఇరవై వేలు దాటింది.

మామ: అంటే నీ కోరు ఇప్పుడు పెరిగి ఉండాల.

అల్లుడు: అక్టోబరులో మొత్తం సూచీ మీద ద్రవ్యోల్బణం 0.25. ఈ వరస మొదలైనప్పటినుంచి ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. తిండి ధరలు ముందు ఏడాదికంటే 5 శాతం కింద. కోర్ మాత్రం 4 పైన.

మామ: అట్లనా! రైతు కాయ, ఉల్లి, పప్పు పడిపోయి సూచీ సున్నాకు దిగింది కాబట్టి మొన్న శుక్రవారం నీకు వడ్డీ తగ్గింది. నీ కోరునే నమ్ముకుని ఉంటే 4 పైన ఉండాదని తగ్గించకుండా కూర్చునేవోళ్లు. 2023లో టమాటా ఎగిరితే తీసేయమంటివి. 2025లో టమాటా పడితే లెక్కలో ఉండనీమంటావా?

అల్లుడు: అట్ల కాదు మామా. బంగారం తీసేసి చూస్తే కోర్ 2.6 మాత్రమే. గవర్నరు మల్హోత్రా మొన్న అదే చెప్పినాడు.

మామ: మళ్లా తీసేసినావా!

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు చెంబులో పాలు తొణికాయి. అల్లుడు కూడా నవ్వేశాడు గానీ, వదిలిపెట్టలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆ తరువాత అతను చెప్పిందే ఆ పొద్దుటికి నాకు అన్నిటికంటే పనికొచ్చే మాట.

అల్లుడు: ఇంకో పద్ధతి ఉంది. ఏది తీయాలో ముందే పేరు పెట్టి రాసుకోరు. ఆ నెల అన్ని వస్తువులనూ వరసగా పేర్చి, బాగా ఎగిరినవి ఒక కొస, బాగా పడినవి ఇంకో కొస కోసేసి, మధ్యలో ఉండేవాటిని తూస్తారు. ఒక నెల టమాటా పోతుంది, ఇంకో నెల బంగారం పోతుంది, ఏ నెల ఏది మామూలుగా ఉంటే అది ఉంటుంది. ఆర్‌బీఐ వాళ్లు ఇదీ వేసి చూసుకుంటారు.

మామ: అది గ్రేడింగు. పేరు చూసి కాదు, కాయను చూసి తీసేది. మీ కోరు చేస్తా ఉండేది ఏందంటే, సదుం కాయ అని తెలియంగానే ఏరకుండానే పక్కన పెట్టేది. పిందెలు తీసినప్పుడు నేను ఏమంటాను? ఏమీ అనను. పోయేది పోతాది.

అల్లుడు: కానీ అది కూడా చూసుకునేదానికే మామా. గురి మాత్రం మొత్తం సూచీ మీదే పెట్టాలంటావా?

మామ: గురి ఏది పెట్టుకుంటారో మీ ఇష్టం. నేనడిగేది ఒకటే. వడ్డీ పెంచేటప్పుడు ఒక గంప, తగ్గించేటప్పుడు ఒక గంప ఎత్తుకోవద్దు.

బయట హారన్ మోగింది. పికప్ బండి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, వసారాలో పేర్చిన క్రేట్లు చూపుతోనే లెక్కపెట్టుకున్నాడు. అల్లుడు లేచి ఒక క్రేటుకు చెయ్యేశాడు. పట్నం చొక్కా, మోకాలి దగ్గర టమాటా రసం.

డ్రైవరు: అన్నా, క్రేటుకు ఐదు రూపాయలు ఎక్కువ ఇయ్యాల ఈసారి.

మామ: డీజిలు పెరిగిందా?

డ్రైవరు: డీజిలు యాడ పెరిగింది? కాయ రేటు బాగుండాదంట కదా.

మామ అల్లుడి వైపు తిరిగాడు.

మామ: బండి కిరాయి నీ కోరులో ఉండాది కదరా?

అల్లుడు: ఉంది మామా.

మామ: ఏమప్పా, కాయ రేటు పడిన పొద్దు ఆ ఐదు తగ్గిస్తావా?

డ్రైవరు తాడు బిగిస్తూ నవ్వాడు. మామ జేబులోంచి నోట్లు తీసి, ఒక్కొక్కటీ వేలికి తడి చేసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.